క్రికిల్‌వుడ్ నాటి బెంట్లీ కార్లు: చరిత్ర, పునరుద్ధరణ – తరచుగా అడిగే ప్రశ్నలు

బెంట్లీ అనగానే ఇవాళ గుర్తొచ్చేది సినిమా హీరో ఇంటి ముందు ఆగి ఉండే ఖరీదైన కారు. ఈ పేజీ దాని గురించి కాదు. 1919 నుంచి 1931 దాకా డబ్ల్యూ.ఓ. బెంట్లీ అనే ఇంజనీరు లండన్‌లో తయారుచేసిన స్పోర్టింగ్ కార్ల గురించి. వీటి మీద మనసు పడ్డవాళ్లు తిరిగి తిరిగి అవే ప్రశ్నలు వేస్తుంటారు. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు లె మాన్స్‌లో ఏం జరిగింది, ఇంజన్‌లో అంత గొప్పేముంది, వందేళ్ల బండిని విప్పి మళ్లీ బిగిస్తే అది పాత కారేనా? ఈ చివరి ప్రశ్న మీద లండన్ హైకోర్టులో పెద్ద కేసే నడిచింది, కాబట్టి దానికి ఇక్కడ కాస్త ఎక్కువ చోటిచ్చాను.

వింటేజ్ కారు అంటే ఎంత పాతదై ఉండాలి?

బ్రిటన్‌లో దీనికో లెక్కుంది. 1934లో మొదలైన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్, 1930 డిసెంబర్ 31 లోపు తయారైన కార్లను వింటేజ్ అంటుంది. ఆ తర్వాత 1940 దాకా వచ్చినవాటిలో నాణ్యమైనవాటిని ఏరి పోస్ట్-వింటేజ్ అని వేరే వరుసలో పెడుతుంది. మన దేశంలో చట్టం చూసే పద్ధతి వేరు, దాని గురించి కింద ఉంది.

డబ్ల్యూ.ఓ. బెంట్లీ ఎవరు?

పూర్తి పేరు వాల్టర్ ఓవెన్ బెంట్లీ. 1888లో లండన్‌లో పుట్టారు. ఆయన ఇంజనీరింగ్ మొదలైంది కార్ల దగ్గర కాదు, రైలింజన్ల దగ్గర. డాంకాస్టర్‌లోని గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా పని నేర్చుకున్నారు. 1912లో అన్నతో కలిసి డీఎఫ్‌పీ అనే ఫ్రెంచ్ కార్లను లండన్‌లో అమ్మడం మొదలుపెట్టారు. ఆ ఫ్యాక్టరీకి వెళ్లినప్పుడు టేబుల్ మీద పేపర్‌వెయిట్‌గా పెట్టిన చిన్న అల్యూమినియం పిస్టన్ కంటబడింది. బరువైన ఇనప పిస్టన్లే వాడుతున్న రోజులవి. ఇంజన్‌లో కూడా అల్యూమినియం పిస్టన్ ఎందుకు పెట్టకూడదని పట్టుబట్టి, 88 పాళ్లు అల్యూమినియానికి 12 పాళ్లు రాగి కలిపిన లోహంతో చేయించి, వాటితోనే పోటీల్లో గెలిచారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ అనుభవం విమానాలకు పనికొచ్చింది. సాప్‌విత్ కామెల్ యుద్ధ విమానాల్లో వాడిన బీఆర్1 రోటరీ ఇంజన్ ఆయన డిజైనే. యుద్ధం ముగిశాక 1919 జనవరిలో సొంత కంపెనీ పెట్టారు. బేకర్ స్ట్రీట్ దగ్గర న్యూ స్ట్రీట్ మ్యూస్ అనే సందులో అదే ఏడాది అక్టోబర్‌లో మొదటి ఇంజన్ స్టార్టయింది. ఫ్యాక్టరీ మాత్రం ఉత్తర లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో పెట్టారు. కొన్నవాళ్ల చేతికి మొదటి కారు అందేసరికి 1921 సెప్టెంబర్ వచ్చింది.

ఎన్ని రకాల కార్లు చేశారు?

ఎక్కువ తయారైంది 3 లీటర్. 1921 నుంచి 1929 వరకు 1,622 కార్లు. దీని రేడియేటర్ బ్యాడ్జి రంగును బట్టి రకం తెలిసిపోతుంది. నీలం అంటే మామూలు పొడవు ఛాసిస్, ఎరుపు అంటే స్పీడ్ మోడల్, ఆకుపచ్చ అంటే గంటకు 100 మైళ్లు పోతుందని కంపెనీయే హామీ ఇచ్చిన పొట్టి ఛాసిస్. ఆకుపచ్చవి 18 మాత్రమే చేశారు. అందుకే పాత కారుకు ఆకుపచ్చ బ్యాడ్జి కనిపిస్తే తెలిసినవాళ్లు ముందు టేపు తీసి ఛాసిస్ కొలుస్తారు.

తర్వాత ఆరు సిలిండర్ల 6½ లీటర్ వచ్చింది, దాన్ని పదును పెడితే స్పీడ్ సిక్స్ అయింది. 1927లో నాలుగు సిలిండర్ల 4½ లీటర్ వచ్చింది. సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి కూరే పరికరం) ఉన్నవాటితో కలిపి అవి 720. 1930లో వచ్చిన 8 లీటర్ వంద కార్లతో ఆగిపోయింది. కంపెనీ చివరి రోజుల్లో 4 లీటర్ అని 50 కార్లు చేశారు, వాటిని తలుచుకునేవాళ్లు తక్కువ.

ఇంకో సంగతి. బెంట్లీ కంపెనీ అమ్మింది ఛాసిస్‌ను మాత్రమే, అంటే ఫ్రేము, ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలు, రేడియేటర్. బాడీ కొన్నవాళ్లే వేరే బాడీ కంపెనీలో కట్టించుకోవాలి. ఛాసిస్‌కు ఐదేళ్ల గ్యారంటీ ఇచ్చేవారు. ఈ రెండు విషయాలూ పునరుద్ధరణ దగ్గర మళ్లీ వస్తాయి.

ఇంజన్‌లో అంత ప్రత్యేకత ఏమిటి?

3 లీటర్ ఇంజన్ బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 80 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 149 మి.మీ. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దీని వెనక పన్ను లెక్క ఉంది. అప్పట్లో బ్రిటన్‌లో కారు పన్ను హార్స్‌పవర్‌ను బట్టి వేసేవారు, ఆ హార్స్‌పవర్‌ను బోరు వెడల్పు, సిలిండర్ల సంఖ్య చూసి లెక్కగట్టేవారు. స్ట్రోక్ ఎంతున్నా అడిగేవాళ్లు లేరు. దాంతో ఇంజనీర్లు బోరు తగ్గించి స్ట్రోక్ పెంచారు. కాగితం మీద ఈ కారు 15.9 హార్స్‌పవర్ బండి, రోడ్డు మీద 70 దాకా ఇచ్చేది.

సిలిండర్‌కు నాలుగు వాల్వులు, రెండు ప్లగ్గులు. ఆ ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు ఇంజన్‌కు రెండు. పైన వాల్వులను తెరిచి మూసే ఓవర్‌హెడ్ కామ్‌షాఫ్ట్. మన ఇళ్ల ముందు నిలబడే కార్లకు నాలుగు వాల్వుల ఇంజన్ మామూలు విషయం కావడానికి ఇంకో అరవై, డెబ్బై ఏళ్లు పట్టింది. ఇక హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, విడిగా ఉండదు. హెడ్డు, బ్లాకు కలిపి ఒకటే పోత. గ్యాస్కెట్ పోయే బెడద లేదు గానీ వాల్వు పని పడితే మొత్తం బ్లాకు పైకెత్తాల్సిందే.

ఆరు సిలిండర్ల ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్‌ను గేర్లతోనో చెయిన్‌తోనో కాకుండా మూడు కనెక్టింగ్ రాడ్లతో తిప్పారు. రైలింజన్ చక్రాల మధ్య రాడ్లు ఆడటం చూసినవాళ్లకు ఆ ఆలోచన ఎక్కడిదో చెప్పక్కర్లేదు.

లె మాన్స్‌లో నిజంగా అంత గెలిచారా?

ఐదుసార్లు. 1924, 1927, 1928, 1929, 1930.

1923లో మొదటి 24 గంటల రేసు జరిగినప్పుడు డబ్ల్యూ.ఓ.కు దాని మీద నమ్మకమే లేదు, అంతసేపు ఏ కారూ నిలవదని ఆయన అంచనా. జాన్ డఫ్ తన సొంత 3 లీటర్ తీసుకుని, కంపెనీ టెస్ట్ డ్రైవర్ ఫ్రాంక్ క్లెమెంట్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ముందు చక్రాలకు బ్రేకులు లేని కారు. రాయి తగిలి పెట్రోల్ ట్యాంకుకు చిల్లు పడితే డఫ్ కాలినడకన పిట్స్‌కు (జట్లు కార్లను రిపేరు చేసే చోటికి) వచ్చాడు, క్లెమెంట్ సైకిల్ మీద పెట్రోల్ డబ్బాలు పెట్టుకుని కారు దగ్గరికి వెళ్లాడు. అయినా నాలుగో స్థానం దక్కింది. మరుసటేడు వాళ్లిద్దరే గెలిచారు.

1927 రేసు కథలా ఉంటుంది. రాత్రి వైట్ హౌస్ మలుపు దగ్గర కార్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. బెంట్లీ జట్టు మూడు కార్లూ అందులో ఇరుక్కుంటే రెండు అక్కడే ఆగిపోయాయి. మూడోది సామీ డేవిస్ చేతిలో ఉంది. రోడ్డు మీద చెల్లాచెదురుగా పడ్డ మట్టి, చెక్క ముక్కలు చూసి అనుమానమొచ్చి వేగం తగ్గించడంతో దెబ్బ తగిలినా కారు కదిలే స్థితిలో మిగిలింది. ఫ్రేము వంగింది, ముందు యాక్సిల్ వంగింది, ఒక హెడ్‌లైటు పగిలింది. డేవిస్ పత్రికా రచయిత, ఆయన జోడీ బెంజాఫీల్డ్ వృత్తిరీత్యా డాక్టరు. ఆ కుంటి కారుతోనే రేసు గెలిచారు. లండన్ సవాయ్ హోటల్‌లో విందు జరిగినప్పుడు ఆ కారును హాల్లోకే తెచ్చి నిలబెట్టారు.

1928లో ఫ్రేము పగిలి నీళ్లు కారిపోతున్న 4½ లీటర్‌తో వుల్ఫ్ బార్నాటో, బెర్నార్డ్ రూబిన్ గట్టెక్కారు. 1929లో మొదటి నాలుగు స్థానాలూ బెంట్లీవే. బార్నాటో లె మాన్స్‌లో పాల్గొన్నది మూడుసార్లు, మూడుసార్లూ గెలిచాడు.

బ్లోయర్ బెంట్లీ అంటే? అదే అన్నిటికంటే గొప్పదా?

పేరులో గొప్పదే. 4½ లీటర్ ఇంజన్‌కు ఆమ్హర్స్ట్ విలియర్స్ డిజైన్ చేసిన సూపర్‌చార్జర్ తగిలిస్తే అది బ్లోయర్. రేడియేటర్ ముందు, రెండు ఫ్రేము కొమ్ముల మధ్య ఆ డబ్బా పొడుచుకొచ్చి కనిపిస్తుంది. టిమ్ బర్కిన్ అనే రేసర్ పట్టుబట్టి దీన్ని చేయించాడు. డబ్బు పెట్టింది డొరతీ ప్యాజెట్ అనే సంపన్నురాలు. డబ్ల్యూ.ఓ.కు మాత్రం ఇది సుతరామూ ఇష్టం లేదు. శక్తి కావాలంటే ఇంజన్ పెద్దది చెయ్యాలి గానీ ఉన్నదాంట్లోకి గాలి కూరకూడదన్నది ఆయన వాదం.

లె మాన్స్‌లో బ్లోయర్ ఎప్పుడూ గెలవలేదు. 1930లో పో పట్టణంలో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో, తేలికపాటి బుగాట్టీల మధ్య ఈ భారీ నాలుగు సీట్ల కారుతో బర్కిన్ రెండో స్థానంలో వచ్చాడు. బెంట్లీలు ప్రపంచంలోకెల్లా వేగంగా పోయే లారీలని ఎత్తోర్ బుగాట్టి వెక్కిరించాడని చెప్పుకుంటారు. 1932లో బర్కిన్ సింగిల్ సీటర్ బ్లోయర్‌తో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 137.96 మైళ్ల సగటుతో ల్యాప్ రికార్డు కొట్టాడు. ఆ కారు 2012 వేలంలో 50 లక్షల పౌండ్ల పైచిలుకు పలికింది. నన్నడిగితే స్పీడ్ సిక్స్‌కే ఓటు వేస్తాను. డబ్ల్యూ.ఓ. చెప్పినట్టు చేసిన కారు అది, గెలిచిందీ అదే.

బ్లూ ట్రెయిన్ బెంట్లీ కథ నిజమేనా?

రైలుతో కారు వేసిన పందెం నిజం, బొమ్మలో కారు వేరు. 1930 మార్చిలో బార్నాటో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని కాన్ నుంచి స్పీడ్ సిక్స్‌లో బయల్దేరి, బ్లూ ట్రెయిన్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని కలే రేవుకు చేరే టైముకన్నా 4 నిమిషాల ముందే లండన్‌లోని తన క్లబ్బు ముందు దిగాడు. దశాబ్దాల పాటు ఈ కథ పక్కన వేసిన బొమ్మల్లో ఉన్నది గర్నీ నటింగ్ అనే బాడీ కంపెనీ కట్టిన అందమైన వాలు టాపు కూపే. కానీ పందెం నాటికి ఆ కూపే తయారే కాలేదు. బార్నాటో నడిపింది హెచ్.జె. మలినర్ బాడీ ఉన్న మామూలు సెడాన్ లాంటి కారు. పాత కార్ల చరిత్రలో అందమైనది అబద్ధమైనా నిలబడుతుంది, అందుకే కాగితాలు చూడాలి.

ఇన్ని గెలిచిన కంపెనీ ఎందుకు మూతపడింది?

మొదటి నుంచీ డబ్బుకు కటకటే. 1926లో వజ్రాల వ్యాపారి కొడుకు బార్నాటో పెట్టుబడి పెట్టి ఆదుకున్నాడు. 1929 ఆర్థిక మాంద్యం తర్వాత అంత ఖరీదైన కార్లు కొనేవాళ్లు లేకుండా పోయారు. 1931లో కంపెనీ, అప్పులు తీర్చడానికి ఆస్తుల బాధ్యత తీసుకునే రిసీవర్ చేతికి వెళ్లింది. నేపియర్ కంపెనీ కొనబోతోందని అందరూ అనుకుంటుండగా, ఎవరికీ తెలియని ఒక ట్రస్టు ఎక్కువ ధర వేసి ఎగరేసుకుపోయింది. ఆ ట్రస్టు వెనక ఉన్నది రోల్స్ రాయిస్ అని తర్వాతే బయటపడింది. కొన్నాళ్లు డబ్ల్యూ.ఓ. వాళ్ల దగ్గర ఉద్యోగం చేసి, 1935లో లగోండా అనే ఇంకో కార్ల కంపెనీకి వెళ్లిపోయారు.

భాగాలన్నీ మారిపోయాక అది అసలు కారే అవుతుందా?

ఓల్డ్ నంబర్ వన్ కేసు చూస్తే సంగతి తెలుస్తుంది. 1929, 1930 రెండేళ్లూ లె మాన్స్ గెలిచిన స్పీడ్ సిక్స్ అది. రేసు కారు కాబట్టి ప్రతి రేసుకూ ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నారు. తర్వాత దానికి 8 లీటర్ ఇంజన్ పెట్టి బ్రూక్‌లాండ్స్‌లో పరిగెత్తించారు. 1932 సెప్టెంబర్‌లో 500 మైళ్ల రేసులో క్లైవ్ డన్‌ఫీ నడుపుతుండగా కారు వాలు ట్రాక్ అంచు దాటి కిందపడింది, అతను చనిపోయాడు. మిగిలిన కారును బార్నాటో మళ్లీ కట్టించి, మూసిన కూపే బాడీ వేయించాడు. ఇంకా తర్వాత దాన్ని లె మాన్స్ నాటి రూపానికి తెచ్చారు.

1990లో ఈ కారును కోటి పౌండ్లకు కొనడానికి ఒక కంపెనీ ఒప్పుకుంది. తర్వాత ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్ కాదంటూ వెనక్కి తగ్గింది. అమ్మినాయన కోర్టుకెక్కాడు. జస్టిస్ ఆటన్ ముందు ఏ ముక్క ఏ సంవత్సరానిది అని వరసగా విచారణ జరిగింది. 1929లో గెలిచిన కారు భాగాలు ఇందులో చాలా కొద్దిగానే మిగిలాయని తేలింది.

అయినా తీర్పు అమ్మినాయనకే అనుకూలంగా వచ్చింది. మొదట ఎలా ఉందో అలాగే ఉన్న కారు అని దీన్ని అనలేమని జడ్జి ఒప్పుకున్నారు. కానీ ఇది నకలూ కాదు, ముక్కలు ఏరి మళ్లీ పుట్టించిందీ కాదు. మార్పులు ఒక్కసారిగా కాకుండా ఏళ్ల తరబడి మెల్లగా జరిగాయి. మధ్యలో ఎప్పుడూ కారు మాయమై తర్వాత తేలలేదు. అదే పేరు చెప్పుకునే ఇంకో కారూ లేదు. కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నారు.

నాకీ తీర్పు సబబుగానే అనిపిస్తుంది. కాకపోతే దీన్ని అడ్డం పెట్టుకుని ఎడాపెడా భాగాలు మార్చేసేవాళ్లకు ఒక మాట చెప్పాలి. జడ్జి గారు నమ్మింది తెగిపోని చరిత్రను. ఒక షెడ్డులో ఒక్క ఏడాదిలో ఫ్రేము, ఇంజన్, బాడీ అన్నీ కొత్తవి వేసి పాత నంబరు కొట్టిన కారుకు ఆ చరిత్ర ఎక్కణ్నుంచి వస్తుంది?

కొనేముందు కారు నిఖార్సైనదో కాదో ఎలా తెలుస్తుంది?

ఫ్రేము మీద ఛాసిస్ నంబరు, ఇంజన్ మీద ఇంజన్ నంబరు ఉంటాయి. గేర్‌బాక్స్, యాక్సిళ్లు, స్టీరింగ్ బాక్సుల మీదా నంబర్లు ఉంటాయి. వాటిని ఫ్యాక్టరీ రికార్డుతో సరిచూడాలి. ఐదేళ్ల గ్యారంటీ ఇచ్చిన పుణ్యమా అని, ఏ కారుకు ఎప్పుడు ఏ రిపేరు చేశారో సర్వీస్ డిపార్ట్‌మెంట్ రాసిపెట్టుకుంది. ఆ రికార్డులు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని రాక్స్‌టన్‌లో డబ్ల్యూ.ఓ. బెంట్లీ మెమోరియల్ ఫౌండేషన్ దగ్గర భద్రంగా ఉన్నాయి. 1936లో పుట్టిన బెంట్లీ డ్రైవర్స్ క్లబ్ దగ్గర కూడా చాలా సమాచారం దొరుకుతుంది.

నంబర్లు కలవకపోతే కారు దొంగదని కాదు. 1930ల చివర్లో, యుద్ధం తర్వాత ఇవి చవకైన సెకండ్ హ్యాండ్ బళ్లు. ఒక కారు ఇంజన్ తీసి ఇంకోదానికి పెట్టడం, పొడవాటి ఛాసిస్‌ను కోసి పొట్టి చేయడం అప్పట్లో ఎవరికీ పాపంగా తోచలేదు. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో కాగితం ఉంటే చాలు. కాగితమూ లేక, నోటి మాటే మిగిలితే ధర తగ్గించి మాట్లాడండి.

పునరుద్ధరణలో మొట్టమొదటి పని ఏమిటి?

ఫోటోలు తీయడం. విప్పకముందు ప్రతి మూలా, ప్రతి వైరూ, ప్రతి బ్రాకెట్టూ. ఆ తర్వాత ఏది ముట్టుకోకూడదో ఒక జాబితా రాసుకోవాలి. చాలామంది ఏం మార్చాలో రాసుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. బండి షెడ్డులో ముక్కలై పడి ఉన్నప్పుడు ప్రతి ముక్కా పాతగానే కనిపిస్తుంది, అన్నిటికీ కొత్తది వేద్దామనే అనిపిస్తుంది. డాష్‌బోర్డు మీద డ్రైవర్ చెయ్యి ఆని ఆని అరిగిన చోటు, తొంభై ఏళ్ల కిందటి తోలు సీటు, ఎవరో మెకానిక్ బ్రాకెట్ మీద గీసిపెట్టుకున్న గుర్తు, ఇవి ఒకసారి పోతే ఎంత డబ్బు పోసినా రావు.

ప్రాణాల మీదికి వచ్చే భాగాల్లో మాత్రం మొహమాటం వద్దు. స్టబ్ యాక్సిళ్లు, స్టీరింగ్ ఆర్మ్‌లు, చక్రాల స్పోకులు, బ్రేకు రాడ్లు పగుళ్లున్నాయేమో పరీక్ష చేయించాలి. అనుమానం ఉంటే కొత్తవి వెయ్యాలి, పాతవాటికి చీటీ కట్టి అటక మీద దాచాలి.

ఇంజన్ ఓవరాలింగ్‌లో కష్టమైన పని ఏది?

బ్లాకు. హెడ్డు విడిగా రాదు కాబట్టి వాల్వులు కింది నుంచి, సిలిండర్ లోపలి నుంచే బయటికి రావాలి. చేతికందని చోట వాల్వు సీటింగు చేయాలి. దశాబ్దాల నీళ్ల తుప్పుకు బ్లాకు లోపలి గోడలు పలచబడి పగులుతాయి. ఇప్పుడు బ్రిటన్‌లో కొత్త బ్లాకులు పోతపోసే నిపుణులు ఉన్నారు. పాత బ్లాకును కుట్టి, అతికి బతికించే వీలుంటే ముందు అదే చేయించమని నా సలహా.

తర్వాతది బేరింగులు. అప్పటి ఇంజన్లలో ఇప్పటిలా తీసి పెట్టే షెల్ బేరింగులు ఉండవు. వైట్ మెటల్ అనే తగరం మిశ్రమాన్ని కరిగించి పోస్తారు. ముందు బేరింగు గుల్లను శుభ్రంగా తోమి, వేడి చేసి, తగరం పూత పూస్తారు. మధ్యలో గుండ్రటి మాండ్రెల్ నిలబెట్టి, కరిగిన లోహాన్ని ఆపకుండా ఒకే ధారలో పోయాలి. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ అతుకు పడుతుంది, గాలి బుడగ మిగిలితే వెయ్యి మైళ్లలో ఊడొస్తుంది. చల్లారాక మేస్త్రీ దాన్ని వేలికి వేలాడదీసి చిన్న సుత్తితో తడతాడు, బజార్లో కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు. ఖంగుమంటే లోహం బాగా పట్టినట్టు. మొద్దుగా మోగితే మళ్లీ కరిగించాల్సిందే. ఆ తర్వాత లేత్ మీద బోరింగ్.

దూరాలు నడిపేవాళ్లు కొందరు కొత్త క్రాంక్‌షాఫ్ట్, బలమైన కనెక్టింగ్ రాడ్లు, షెల్ బేరింగులు వేయించుకుంటున్నారు. తప్పనను. పాత క్రాంక్‌ను పారేయకుండా కారుతో పాటు ఉంచితే చాలు.

మాగ్నెటోలతో ఇంకో తంటా. చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా స్టార్టవుతుంది, అరగంట నడిచి వేడెక్కి ఆగితే మళ్లీ పలకదు. చాలావరకు లోపలి కండెన్సరో, వైండింగ్ ఇన్సులేషనో పాడై ఉంటుంది. కార్బురేటర్‌ను తిట్టేముందు మాగ్నెటో విప్పించండి.

బాడీ పని ఎలా ఉంటుంది?

లోపల యాష్ అనే చెక్కతో చట్రం, పైన అల్యూమినియం రేకు లేదా గుడ్డ. అవును, గుడ్డే. వేమన్ పద్ధతిలో కట్టిన బాడీల్లో చెక్కకు చెక్క తగలకుండా మధ్యలో లోహపు పట్టీలు వేసి, పైన రెక్సిన్ లాంటి గుడ్డ బిగించేవారు. రోడ్డు ఎగుడుదిగుళ్లకు బాడీ కొంచెం కొంచెం కదులుతుంది గానీ కిర్రుకిర్రుమనదు, బరువూ తక్కువ. బెంట్లీలకు బాగా పేరొచ్చిన నాలుగు సీట్ల ఓపెన్ బాడీలు వాన్‌డెన్ ప్లాస్ కంపెనీవి.

ఇక్కడో విషాదం ఉంది. అందరికీ లె మాన్స్ కారే కావాలి. దాంతో బుద్ధిగా పుట్టిన మూసిన సెలూన్లెన్నిటికో బాడీ పీకేసి వాన్‌డెన్ ప్లాస్ నకలు తగిలించారు. ఇవాళ అసలు సెలూన్ బాడీతో మిగిలిన 3 లీటర్ కనిపిస్తే నేను ఓపెన్ కారు కంటే దాన్నే ముందు చూస్తాను. మీ చేతికి అలాంటిది వస్తే, దయచేసి ఆ బాడీని అలాగే ఉంచండి.

చెక్క పుచ్చితే పుచ్చినంత మేరకే కోసి కొత్త ముక్క అతకాలి. పాత రంగు పొరల కింద అసలు రంగు దొరుకుతుంది. తలుపు అంచున, సీటు కింద గీకి చూస్తే తెలుస్తుంది.

రేడియేటర్‌కు క్రోమ్ వేయించవచ్చా?

వద్దు. ఆ రేడియేటర్ పైతొడుగు జర్మన్ సిల్వర్. మన పూజ సామాన్ల కొట్లో దొరికే లోహమే. రాగి, జింకు, నికెల్ మిశ్రమం, అందులో వెండి ఉండదు. తోమితే కాస్త పసుపు ఛాయ కలిసిన మెత్తటి మెరుపు వస్తుంది. క్రోమ్ నీలంగా, అద్దంలా మెరుస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడైనా తేడా పట్టేస్తాడు. సొట్టలుంటే టింకరింగ్ పని బాగా తెలిసినవాళ్ల చేత లోపలి నుంచి తీయించాలి.

స్పేర్లు దొరుకుతాయా?

ఊహించినదానికంటే బాగానే. గేర్ల నుంచి బ్యాడ్జీ దాకా బ్రిటన్‌లో కొత్తగా చేసి అమ్మేవాళ్లున్నారు. కాకపోతే మీ టూల్ బాక్సు పనికిరాదు. నట్లు, బోల్టులు విట్‌వర్త్, బీఎస్ఎఫ్ అనే పాత బ్రిటిష్ కొలతల్లో ఉంటాయి. మిల్లీమీటర్ స్పానర్ వేసి బలవంతం చేస్తే తొంభై ఏళ్లు నిలిచిన నట్టు మూలలు ఒక్క తిప్పుకు అరిగిపోతాయి.

ఇప్పటి పెట్రోల్, ఆయిల్ పడతాయా?

లెడ్ లేని పెట్రోల్‌తో ఇబ్బంది లేదు. ఈ ఇంజన్ డిజైన్ చేసే నాటికి పెట్రోల్‌లో లెడ్ కలపడమే మొదలుకాలేదు. కంప్రెషన్ తక్కువ కాబట్టి ఆక్టేన్ టెన్షన్ కూడా లేదు. అసలు పేచీ ఇథనాల్‌తో. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత కార్లవాళ్లు 5 శాతానికి మించని సూపర్ గ్రేడ్ కొట్టిస్తారు. గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించి, కారును నెలల తరబడి నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయడం మంచిది.

ఆయిల్ విషయంలో, ఏళ్లుగా విప్పని ఇంజన్‌లో ఇప్పటి డిటర్జెంట్ ఆయిల్ పోస్తే అడుగున పేరుకున్న మడ్డి కదిలి ఆయిల్ దారులకు అడ్డం పడవచ్చు. ముందు సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) దించి శుభ్రం చేయించండి.

నడపడం కష్టమా?

మొదటి రోజు కష్టమే. యాక్సిలరేటర్ మధ్యలో ఉంటుంది, బ్రేకు కుడి పక్కన. కంగారులో కాలు అలవాటైన చోటికే పోతుంది కాబట్టి మొదట ఖాళీ మైదానంలో నేర్చుకోవాలి. గేరు రాడ్డు డ్రైవర్ కుడిచేతి వైపు. గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోమెష్ లేదు. గేరు మార్చాలంటే క్లచ్ నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, మళ్లీ నొక్కి వెయ్యాలి. కింది గేరుకు దిగేటప్పుడు మధ్యలో ఇంజన్ రేజ్ చెయ్యాలి. కుదరకపోతే గేర్‌బాక్స్ వీధంతా వినపడేలా చెబుతుంది.

స్టార్ట్ చేయడం కూడా ఓ తంతు. పెట్రోల్ ట్యాప్ తిప్పాలి. స్టీరింగ్ మధ్యలో ఉన్న లివర్‌తో ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి తీసుకోవాలి, లేకపోతే ఇంజన్ ఎదురు తంతుంది. రెండు మాగ్నెటో స్విచ్చులు వెయ్యాలి. అప్పుడు సెల్ఫ్ నొక్కాలి. అందుకోగానే లివర్ మెల్లగా ముందుకు జరపాలి. ఆ నాలుగు సిలిండర్లు ఒక్కొక్కటీ విడివిడిగా లెక్కపెట్టేంత నిదానంగా కొట్టుకుంటాయి.

బెంట్లీలన్నీ ఆకుపచ్చవేనా?

కాదు. రేసు జట్టు కార్లకు ఆకుపచ్చ వేసేవారు. 1903లో గోర్డన్ బెనెట్ కప్ ఐర్లండ్‌లో జరిగినప్పుడు ఆ దేశానికి గౌరవంగా బ్రిటిష్ కార్లకు ఆకుపచ్చ వేయడంతో మొదలైన ఆచారం అది. మామూలు జనం నలుపు, నీలం, మెరూన్, ఏది కావాలంటే అది వేయించుకున్నారు. బర్కిన్ సింగిల్ సీటర్ ఎర్రది. మీ కారు అసలు రంగు వేరేదైతే ఆకుపచ్చ జోలికి వెళ్లకండి.

బెంట్లీ కంపెనీ ఈమధ్య చేసిన కొత్త బ్లోయర్లను వింటేజ్ అనవచ్చా?

అనకూడదు, కంపెనీ కూడా అనడం లేదు. తమ దగ్గరున్న 1929 నాటి టీమ్ బ్లోయర్‌ను ముక్కముక్కగా విప్పి, లేజర్‌తో స్కాన్ చేసి, ఆ కొలతలతో కొనేవాళ్ల కోసం 12 కార్లు కట్టారు. తర్వాత స్పీడ్ సిక్స్‌ను కూడా అలాగే 12 చేస్తామన్నారు. పనితనం అద్భుతం. నాకు అంతకంటే సంతోషం కలిగించింది వేరే ఉంది. ఈ పని కోసం పాత చేతిపనులు తెలిసినవాళ్లకు మళ్లీ పని దొరికింది, కొత్తవాళ్లు నేర్చుకున్నారు.

మన దేశంలో ఇలాంటి కారుకు రిజిస్ట్రేషన్ ఎలా?

2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు విడిగా ఒక పద్ధతి పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ తర్వాత 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న టూ వీలర్లకు, ఫోర్ వీలర్లకు ఇది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత రెన్యువల్‌కు 5,000. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. అయితే రోజూ తిరగడానికి, కిరాయికి వాడకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, సర్వీసింగు లాంటి వాటికే రోడ్డెక్కించాలి.

హైదరాబాద్‌లో పాత బ్రిటిష్ కారు పనితనం చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది. స్పోర్టింగ్ కారు కాదు, కానీ రెండు కంపెనీల మధ్య తేడా కంటితో తెలుసుకోవడానికి మంచి చోటు.

ఈ బెంట్లీలు పరిగెత్తడం ఎక్కడ చూడొచ్చు?

ఇంగ్లండ్‌లో ఉంటున్నా, వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్లినా, గ్లాస్టర్‌షైర్‌లోని ప్రెస్కాట్ కొండ మీద వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ ఆగస్టులో పెట్టే పోటీకి వెళ్లండి. కార్లు నిలిపే చోట జనం స్వేచ్ఛగా తిరగొచ్చు, యజమానులు గ్రీజు చేతులతోనే మాట్లాడతారు, అడిగితే బానెట్ ఎత్తి చూపిస్తారు. సర్రేలోని వేబ్రిడ్జ్ దగ్గర బ్రూక్‌లాండ్స్ మ్యూజియంలో ఆనాటి వాలు ట్రాక్ కొంత మేర ఇంకా ఉంది, దాని మీద నిలబడితే ఆ వాలు ఫోటోల్లో కంటే ఎంత నిటారుగా ఉందో అర్థమవుతుంది. ఫ్రాన్స్ వెళ్లగలిగితే లె మాన్స్ క్లాసిక్‌లో రాత్రిపూట కూడా పరుగులుంటాయి. ఎక్కడ చూసినా గుడ్డ బాడీ ఉన్న కారు మీద మాత్రం చెయ్యి ఆనించి ఫోటో దిగకండి, లోపలికి దిగబడుతుంది.